పెన్నకు ఇవతల

మస్తానరావు మొదటిసారి ఇల్లు విడిచి వెళ్లినప్పుడు, పాల ప్యాకెట్ల కోసం వెళ్లాడనుకుంది వకుళ. అప్పుడప్పుడే తెల్లవారుతోంది. వీధి తలుపు దగ్గరగా వేసి ఉంది. చెప్పుల స్టాండులో అతని కాన్వాసు బూట్లు లేవు. పాల కోసం బూట్లు వేసుకోవడమేమిటని అనుకుంటూనే డికాషన్ దించింది. అది చల్లారిపోయింది. మళ్లీ వెచ్చబెట్టింది. పక్కింటివాళ్లను అడిగింది, స్కూలుకు ఫోన్ చేసింది, బస్టాండు దాకా వెళ్లి చూసి వచ్చింది. అతని ఫోన్ మోగుతోంది గాని ఎత్తడం లేదు. ఎండ బాగా ఎక్కాక అతనే చేశాడు.

"వకుళా, నేను గూడూరులో ఉండాను," అన్నాడు.

బస్సెక్కి వెళ్లారా అని అడిగింది. లేదన్నాడు. నడిచే వచ్చినట్టున్నానన్నాడు, తనకే నమ్మకం లేనట్టు. ఎందుకని అడిగింది.

"అదే నాకూ తెలీడంలేదు. పొద్దున లేస్తానే పోవాలనిపించింది. పోతా ఉంటే బాగుండాది. రైల్వే గేటు కాడ ఆపినారు చూడు, అప్పుడు కాళ్లు పీకినాయి. నడిచినంతసేపూ ఏం లేదు."

నాయుడుపేట నుంచి గూడూరు పాతిక కిలోమీటర్ల పైమాటే. రెండేళ్ల కిందట ఆ మనిషి వీధి చివర కిరాణా కొట్టుకు వెళ్లి వచ్చి, అరుగు మీద కూలబడి, ఊపిరి కూడదీసుకునేవాడు. అందుకని వకుళకు ముందు గర్వమే కలిగింది. ఆటో మాట్లాడుకుని గూడూరు వెళుతుంటే మాత్రం, దారిలో ఎక్కడో, ఆ గర్వం మెల్లగా భయంగా మారింది. అతను నడిచిన రోడ్డు తిన్నగా ఉత్తరానికి పోతుంది. అది ఫాల్గుణమాసం.

* * *

మస్తానరావు డ్రిల్లు మాస్టారు. ఒకప్పుడు జిల్లా జట్టులో కబడ్డీ ఆడినవాడు. మోకాలి చిప్ప దెబ్బతిని ఆట ఆగిపోయాక ఒళ్లు రావడం మొదలైంది, ఇక ఆగలేదు. నలభై అయిదేళ్లు వచ్చేసరికి పిల్లలకు డ్రిల్లు కుర్చీలో కూర్చునే చేయించేవాడు. విజిల్ ఊదడానికి ఆయాసం వచ్చేది. పిల్లలు చాటున ఏమనుకుంటున్నారో అతనికి తెలుసు.

ఒక ఏడాది పట్టుదలగా పథ్యం చేశాడు. నెల్లూరులో ఎవరో చెప్పినట్టు దోసకాయ ముక్కలు, మొలకెత్తిన పెసలు, మజ్జిగ, అంతే. మనిషి చిక్కిపోయాడు. కనపడిన ప్రతివాళ్లూ మెచ్చుకున్నారు. అయితే కొవ్వుతో పాటు కండ కూడా పోయిందన్న సంగతి మెచ్చుకున్నవాళ్లెవరికీ తెలియదు. తొడలు సన్నబడి చర్మం జారింది. గ్యాస్ బండ కదపలేకపోయాడు. ఒకరోజు స్నానాలగదిలో జారి కూర్చుండిపోయి లేవలేకపోయాడు. దెబ్బేమీ తగల్లేదు, లేవడానికి కాళ్లల్లో ఏమీ లేదు, అంతే. వకుళ ఒక్కతే లేపలేక పక్కింటి ఇద్దరు మగవాళ్లను పిలిచింది. వాళ్లు చంకల కింద చేతులు వేసి ఎత్తుతుంటే మస్తానరావు ముఖం గోడవైపుకు తిప్పుకున్నాడు. ఆ తరువాత పథ్యం మానేశాడు. కొవ్వు తిరిగి వచ్చింది. పోయిన కండ రాలేదు.

వకుళ శరీరశాస్త్రం చదువుకున్న మనిషి. దొరవారిసత్రం దగ్గర యూనివర్సిటీ వాళ్ల పక్షుల పరిశోధనాలయంలో పని. ప్రతి ఏటా కార్తీకంలో హిమాలయాలకు అవతలి నుంచి ఆ చెరువులకు వచ్చే చారతల బాతుల మీద ఆమె పదేళ్లుగా పరిశోధన చేస్తోంది. తెల్లటి తల మీద రెండు నల్ల చారలుండే పెద్ద బాతులవి. ఫాల్గుణంలో తిరిగి వెళ్లిపోతాయి. వెళ్లబోయే ముందు, పంజరంలో ఊరికే కూర్చున్న బాతుకు కూడా రొమ్ము కండ మందమవుతుంది. దారిలో తిండి ఉండదు, ఒంట్లో కొవ్వు కరిగిపోతుంది. కండ మాత్రం చెక్కుచెదరదు. స్నానాలగది తలుపు దగ్గర నిలబడి భర్తను చూసిన రోజునే వకుళ తన పదేళ్ల పని దేనికోసమో తేల్చుకుంది.

కొవ్వును కరగనిచ్చి ఆ కండను మాత్రం పెంచి కాపాడే పదార్థాన్ని బాతుల రక్తంలో ఆమె పట్టుకుంది. కృపాకర్ అనే పశువుల డాక్టరు ఆమెకు తోడుగా ఉండేవాడు. ఎలుకల మీద చూశారు, మేకల మీద చూశారు. సూదిలో ఇచ్చేది ఆ పదార్థం కాదు. దాన్ని ఎలా తయారుచేసుకోవాలో కాలేయానికి నేర్పే మందు. ఒక్కసారి చాలు. నేర్చుకున్న శరీరం ఆ పని ఇక మరచిపోదు.

మనుషుల మీద ప్రయోగానికి యూనివర్సిటీ కమిటీ అనుమతి ఇచ్చినప్పుడు మస్తానరావు తనంతట తానే పేరిచ్చాడు. వకుళ వద్దంది. భార్యాభర్తలని కమిటీకి చెప్పి, అతని పరీక్షలు వేరే డాక్టరు చేసేట్టు ఒప్పించి, కృపాకరే చేర్పించాడు. మరికొందరు కూడా చేరారు. గూడూరులో టిఫిన్ల హోటలు నడిపే సుబ్బరత్నమ్మ, బ్యాంకులో రిటైరైన చెంగల్రాయుడు, నెల్లూరు నుంచి జరీనా అని బట్టలు కుట్టే అమ్మాయి. ఊళ్లో జనం దానికి బాతుసూది అని పేరు పెట్టారు. వకుళకు ఆ పేరు నచ్చలేదు గాని ఆమె పెట్టిన పేరు ఎవరికీ నోరు తిరగలేదు.

ఉగాది వెళ్లాక సూది వేశారు. మాఘం వచ్చేసరికి మస్తానరావు సగానికి సగం తగ్గాడు. తొడ చుట్టుకొలత మాత్రం వేలెడు కూడా తగ్గలేదు. ఒక ఆదివారం గ్యాస్ బండ భుజాన వేసుకుని మేడ ఎక్కి దిగి, వంటింట్లోకి వచ్చి, దించకుండా అలాగే నిలబడ్డాడు, వకుళ చూసేదాకా. ఆమె చూసి నవ్వింది. అతను నవ్వలేదు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ వారమే స్కూలు గ్రౌండులో పిల్లలతో కబడ్డీ కూత పెట్టాడట, మిగతా మాస్టర్లు క్లాసులు వదిలేసి వచ్చి చూశారట.

ఆ సంవత్సరం వాళ్లకు మంచి సంవత్సరం. ఆ తరువాత ఫాల్గుణం వచ్చింది.

* * *

గూడూరు నుంచి తీసుకొచ్చిన మర్నాడు వకుళ పొద్దున్నే పరిశోధనాలయానికి వెళ్లింది. పెద్ద వల పంజరంలో బాతులన్నీ ఉత్తరం వైపు వలకు ఆనుకుని గుంపుగా ఉన్నాయి. మేత తొట్టి నిండుగా అలాగే ఉంది. కొన్ని రెక్కలు విదిలించి, ఎగిరి, వలకు తగిలి, కిందపడి, మళ్లీ అక్కడే నిలబడుతున్నాయి. ప్రతి ఏటా ఆమె చూసేదే అది. కృపాకర్ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఎండాకాలం వెళ్లేదాకా ఇంతే కదా మేడమ్. తర్వాత సర్దుకుంటాయి," అన్నాడు.

వకుళ అతనికి గూడూరు సంగతి చెప్పింది. చెబుతుంటేనే ఇంకొకటి గుర్తొచ్చింది. వారం రోజులుగా మస్తానరావు రాత్రి పడుకునేటప్పుడు దిండు ఉత్తరం వైపుకు మార్చుకుంటున్నాడు. ఉత్తరానికి తల పెట్టుకోకూడదని ఆమె రోజూ సరిచేస్తోంది. పొద్దున లేచేసరికి మళ్లీ అటే ఉంటోంది. ఏదో పరధ్యానం అనుకుంది. కృపాకర్ అంతా విని చాలాసేపు బాతుల వైపే చూశాడు. తరువాత, మిగతావాళ్లకు కూడా ఫోన్ చేద్దాం మేడమ్ అన్నాడు.

సుబ్బరత్నమ్మ ఇంట్లో ఫోన్ కోడలు ఎత్తింది. మీరొకసారి వచ్చి చూడండి అని మాత్రం అంది.

వకుళ వెళ్లేసరికి హోటలు మూసి ఉంది. ఇంటి వెనక గదికి బయట గడియ పెట్టి ఉంది. కోడలు గడియ తీసింది. లోపల సుబ్బరత్నమ్మ గదికి ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తోంది. ఉత్తరపు గోడ దాకా పోయి, భుజం ఆనించి, కొంచెంసేపు నిలబడి, వెనక్కి వచ్చి, మళ్లీ పోతోంది. భుజం దగ్గర రవిక చిరిగి ఉంది. వకుళను చూసి బాగానే పలకరించింది. బాగుండావా తల్లీ అంది. కాఫీ ఇమ్మని కోడలికి చెప్పింది. అదంతా నడుస్తూనే.

రోడ్డు మీద లారీల కింద పడుతుందేమోనన్న భయంతోనే కొడుకులు గడియ పెట్టారని, తమకేమీ సరదా కాదని కోడలు చెప్పింది.

"అన్నం పెడితే తింటాది. పిలిస్తే పలుకుతాది. మనవడి లెక్కలు గూడా ఇట్ట నడస్తానే చెప్తాది. కానీ మేడం, ఆమె ఈడ లేదు."

ఈ మాట వకుళ ఇంటికొచ్చేదాకా ఆమె చెవిలోనే ఉంది. ఇంట్లో మస్తానరావు మేడ మీద పిట్టగోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. గుమ్మంలోంచి పిలిచింది. వెంటనే తిరిగాడు, నవ్వాడు, కిందికి వచ్చాడు, ఆమెతో కూర్చుని భోంచేశాడు. అతని కాలు మాత్రం బల్ల కింద ఆడుతూనే ఉంది.

* * *

ఏం జరిగిందో వకుళ కమిటీకి దాచకుండా చెప్పింది. ప్రయోగం ఆపేయమన్నారు. ఇచ్చిన సూదిని వెనక్కి తీసుకునే దారి లేదు. అయితే ఆ పదార్థం రక్తంలో పనిచేయకుండా అడ్డుకునే మాత్ర ఒకటి ఆమె దగ్గర ఉంది, ఎలుకల పరీక్షల కోసం తయారుచేసుకున్నది. అది వేసుకుంటే ఈ దారిపట్టడం ఆగుతుంది. కాపలా ఉన్న పదార్థం పోతే కండ కూడా కొంత పోతుంది. మనుషుల్లో ఎంత పోతుందో ఎవరికీ తెలియదు. ఆ సంగతి అందరికీ విడమర్చి చెప్పింది. మస్తానరావుకు కూడా చెప్పింది. అతను అరచేయి చాపాడు.

"నువ్వు గూడూరు ఆటోలో వొచ్చినప్పుడు నీ మొహం చూసినా. చాలు. ఇయ్యి," అన్నాడు.

వారం తిరక్కుండా నడక ఆగిపోయింది. దిండు తూర్పుకు తిరిగింది. ఉగాదికి ఇంట్లో ఉన్నాడు. వేసవి సెలవలు, వకుళ కూడా సెలవు పెట్టింది. ఇన్నేళ్ల కాపురంలో వాళ్లిద్దరూ అన్ని రోజులు ఒకరి ఎదురుగా ఒకరు కూర్చున్నది లేదు. ఆమెకు ఎప్పుడూ పరిశోధనాలయం, అతనికి స్కూలు, సాయంత్రం అయ్యేసరికి ఎవరి అలసట వాళ్లది. పిల్లలు లేరు. ఇల్లు చాలాకాలంగా నిశ్శబ్దంగానే ఉండేది. ఇప్పుడు నేల మీద సుద్దముక్కతో గీసి పులి మేక ఆడుకున్నారు. కబడ్డీ రోజుల కథలు చెప్పాడు, ఆమె ఎన్నడూ అడగనివి. అతను కుర్చీలోంచి లేవడం తగ్గిందని ఆమెకు తెలుస్తూనే ఉంది. తెలిసి కూడా ఆ మధ్యాహ్నాలు ఆమెకు బాగున్నాయి. ఈ మాట ఆమె ఎవరితోనూ అనలేదు.

కండ ఆమె అనుకున్నదానికన్నా వేగంగా కరిగింది. ఇంతకాలం సూది చేసిన ఏర్పాటే కాపలా కాయడంతో శరీరం తన పాత పద్ధతిని వదిలేసింది. ఇప్పుడు కొత్తదాన్ని అడ్డుకునేసరికి కాపాడేది ఏదీ లేకుండా పోయింది. మాత్ర సగానికి తగ్గించి చూసింది. కాళ్లు మళ్లీ ఆడాయి, కండ మాత్రం నిలవలేదు. రెండూ ఒకదానికొకటి అల్లుకుని ఉన్నాయి. కండను ఉంచి దారిని తీసేయడం ఎలాగో ఎంత వెతికినా ఆమెకు దొరకలేదు.

ఒక మధ్యాహ్నం రసాల మామిడిపండు తెచ్చి చేతికిచ్చింది. అతను దాన్ని పిసికి మెత్తబరచబోయాడు. వేళ్లు పండు చుట్టూ ఉన్నాయి, నొక్కడం లేదు. రెండు చేతులతో పట్టుకున్నాడు. కాసేపు చూసి, పండును ఒడిలో పెట్టుకున్నాడు. వకుళ దాన్ని తీసుకుని, తానే పిసికి, ముచ్చిక తీసి, అతని నోటికి అందించింది. రెండు గుక్కలు తాగి తల తిప్పాడు.

"నువ్వు ఈ మూడు నెలలు సంతోషంగా ఉండావు. నాకు కనిపిస్తానే ఉంది."

ఆమె చీర చెంగుతో అతని మూతి తుడవసాగింది.

"నేనుగూడా సంతోషంగానే ఉండా. నీతో ఇట్ట కూచోవడం నాకేమన్నా కష్టమా. కాకపోతే వకుళా, ఇంట్లో ఉండిపోవడం వేరు, పోలేకపోవడం వేరు. నేను ఉండిపోయానని నువ్వు అనుకుంటా ఉండావు."

మూతి తుడుస్తున్న ఆమె చెయ్యి ఆగింది. అతను మాత్ర మానేస్తానని అడగలేదు. కళ్లు మూసుకుని పడుకున్నాడు. కాసేపటికి నిద్రపోయాడు. ఆమె మామిడి పీచు అంటిన చేతులతో అలాగే కూర్చుంది.

ఆ మరుసటి వారం సుబ్బరత్నమ్మ కోడలు పరిశోధనాలయానికి వచ్చింది. అత్త మంచం పట్టిందని, పక్కకు ఒత్తిగిలడానికి కూడా మనిషి కావాలని చెప్పింది. "ఆ మాత్ర ఆపేయండి మేడం. నడిస్తే నడవనీయండి. గడియ పెట్టం," అంది. ఆమె వెళ్లాక వకుళ కమిటీకి మళ్లీ రాసింది. మాత్ర వేసుకోవడం మానడం ఎవరిది వాళ్ల ఇష్టమని, సంతకాలు తీసుకుని ఒప్పుకున్నారు. సాయంత్రం ఇంటికి వచ్చి, మాత్రల సీసా అలమారలోంచి తీసి, మస్తానరావు చూస్తుండగా సంచిలో వేసుకుంది. అతను చేయి చాపి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. పట్టులో బలం లేదు.

* * *

వానాకాలమంతా కండ తిరిగి వచ్చింది. చవితి పండక్కి కర్ర లేకుండా నడిచాడు, దసరాకు మెట్లెక్కాడు. కార్తీకంలో బాతులు వచ్చి చెరువుల్లో దిగాయి. ఆ నాలుగు నెలలు అతను స్థిమితంగా ఉన్నాడు. వాటికి ఇది వచ్చి చేరే చోటు, అతనికీ అంతే. స్కూలుకు వెళ్లాడు, కూరగాయలు తెచ్చాడు, ఆదివారాలు ఆమెతో కలిసి చెరువు గట్టుకు వచ్చి బాతుల్ని చూశాడు. ఫాల్గుణంలో ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు, ఆ మాట మాత్రం ఎత్తలేదు. మాఘం వెళుతుండగా అతను జీతం లేని సెలవుకు అర్జీ పెట్టాడు. ఎక్కడిదాకా పోతావని వకుళ అడిగింది, పెళ్లయ్యాక మొదటిసారి నువ్వు అని. అతను ఆ సంగతి గమనించలేదు. తెలియదన్నాడు. కాళ్లు చాలన్నచోట ఆగి, వానాకాలం వెళ్లాక తిరిగి బయలుదేరుతానన్నాడు. కార్తీకానికి తిరిగి వస్తానని మాత్రం గట్టిగా చెప్పాడు.

"నేనూ వస్తా," అంది వకుళ.

అతను ఆమె పాదాల వైపు చూసి, సరేనన్నాడు.

అతను ఒంటరిగా ఆ రోడ్డు మీద పోవడం ఆమె ఊహించుకోలేకపోయింది. అందుకే బయలుదేరింది. ఎంతదూరమైతే అంతదూరం, అతనికి పక్కన ఒక మనిషి ఉండాలి అనుకుంది. తాను మాత్రం సూది వేయించుకోలేదు. ఆ ఆలోచన రాకపోలేదు. ఒకరోజు ఫ్రిజ్ తలుపు తెరిచి సీసాను చూసి మూసేసింది. కృపాకర్‌కు బాతుల్ని, తాళాల్ని అప్పగించింది.

ఇద్దరూ తెల్లవారుజామున బయలుదేరారు. మొదటిరోజు బాగానే సాగింది. రోడ్డు పక్క తుమ్మచెట్ల నీడన ఆగి ఇడ్లీలు తిన్నారు. అతను ఆమె కోసం అడుగు తగ్గించి నడుస్తున్నాడని ఆమెకు తెలుసు. తగ్గించడం అతనికి శ్రమగా ఉందని కూడా తెలుసు. పదడుగులు ముందుకు పోయి, గుర్తొచ్చి, ఆగి, నవ్వుతూ వెనక్కి చూసేవాడు. పొద్దు వాలేవేళకు గూడూరు చేరారు. సుబ్బరత్నమ్మ ఇంట్లో పడుకున్నారు. పొద్దున సుబ్బరత్నమ్మ చిన్న సంచి భుజాన తగిలించుకుని గుమ్మంలో సిద్ధంగా నిలబడి ఉంది. కొడుకులు వీధి మలుపు దాకా వచ్చి సాగనంపారు. కోడలు అత్త చేతికి మంచినీళ్ల సీసా ఇచ్చి, ఫోన్ చెయ్యమని పదిసార్లు చెప్పింది.

ఆ రోజు మనుబోలు దాటాక చెంగల్రాయుడు కలిశాడు. ముందుగా అనుకున్నదేమీ లేదు. ఒక వంతెన గోడ మీద కూర్చుని ఉన్నాడు, వీళ్లను చూసి లేచి నడకలో కలిశాడు. పలకరింపులు కూడా పెద్దగా లేవు. ముగ్గురూ ఒకరి వెనక ఒకరుగా, కొంచెం ఏటవాలుగా, లారీల గాలి తగలని వైపుకు ఒరిగి నడవసాగారు. ముందున్న మనిషి కాసేపటికి వెనక్కి వచ్చేవాడు, వెనకున్న మనిషి ముందుకు వెళ్లేవాడు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. పదేళ్లు దుర్భిణీలోంచి చూసిన వరుస అది. వకుళ ఒకసారి తన వంతని ముందుకు వెళ్లి నడిచింది. వెనక అడుగుల చప్పుడు తడబడింది. తిరిగి చూస్తే, వాళ్లు ముగ్గురూ ఆమె కోసం అడుగులు కుదించుకుంటూ ఒకరికొకరు తగులుకుంటున్నారు. ఎవరి ముఖంలోనూ విసుగు లేదు. ఆమె పక్కకు తప్పుకుని, రోడ్డు మార్జిన్లో విడిగా నడిచింది. వరుస వెంటనే సర్దుకుంది.

వాళ్లు నవ్వుకుంటున్నారు కూడా. సుబ్బరత్నమ్మ ఏదో అంటుంది, మస్తానరావు నవ్వుతాడు. వకుళకు మాట వినపడేసరికి నవ్వు అయిపోయేది. తోడు లేకుండా పోతున్నాడనే కదా తను వచ్చింది. నాలుగు అడుగుల దూరంలో నడుస్తూ ఆమె ఆ సంగతే పదే పదే అనుకుంది.

మూడో రోజు నెల్లూరు చేరేసరికి వకుళ రెండు పాదాలూ బొబ్బలెక్కి, ఒకటి చితికింది. ఊళ్లో జరీనా వచ్చి కలిసింది. వకుళ కాలు చూసి తన చున్నీ అంచు చింపి కట్టు కట్టింది. నలుగురూ ఆమె కోసం పెన్న వంతెన ముందు ఒక టీకొట్టు దగ్గర ఆగారు. ఆగారన్న మాటే గాని, నలుగురూ నిలబడే ఉన్నారు. మస్తానరావు ఒక్కడు మాత్రం పట్టుబట్టి ఆమె పక్కన బల్ల మీద కూర్చున్నాడు. బల్ల అంచును రెండు చేతులా పట్టుకున్నాడు. వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి. ఆ చేతుల్లోకి బలం తిరిగి తెచ్చింది తానే. వకుళ వాటిని చాలాసేపు చూసింది.

"మీరు పోండి," అంది.

"నువ్వు బస్సెక్కినాక పోతా."

"బస్సు ఎప్పుడొస్తుందో. వాళ్లు నిలబడి ఉన్నారు. నేను ఇక్కణ్ణుంచి చూస్తాలే, మీరు వంతెన దాటేదాకా."

అతను ఆమె పాదాన్ని ఒకసారి తన మోకాలి మీదికి తీసుకుని, కట్టు సరిచూసి, కిందికి దించాడు. కార్తీకం మాట మళ్లీ చెప్పాడు. ఆమె తలూపింది. లేచాడు. అతను వెళ్లి కలవగానే నలుగురూ కదిలారు. వంతెన మీద కొంతదూరం పోయాక తిరిగి చూసి చెయ్యి ఎత్తాడు. ఇంకా కొంత పోయాక మళ్లీ చూశాడు. ఆ తరువాత అతని వంతు వచ్చినట్టుంది, వరుసలో ముందుకు వెళ్లాడు. ముందు నడిచేవాడు వెనక్కి చూడడు. కింద పెన్నలో నీళ్లు సన్నగా, ఇసుక తెల్లగా ఉంది. నలుగురూ చిన్నగా అయిపోయి, అవతలి ఎండలో కలిసిపోయేదాకా వకుళ చూసింది. టీకొట్టామె వచ్చి ఇంకో టీ కావాలా అని అడిగింది. కావాలంది.

నాయుడుపేట బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. వాళ్లు మూడు రోజులు నడిచిన దారి, సినిమా పాటలు నాలుగైదు మోగేలోపు సగం వెనక్కి పోయింది. తుమ్మచెట్లు ఎక్కడో చూద్దామనుకుంది, గుర్తుపట్టలేకపోయింది. బస్టాండులో దిగి, కుంటుకుంటూ ఇంటికి వచ్చి, తాళం తీసి, చెప్పులు విప్పి, వేడినీళ్లలో పాదాలు పెట్టుకుని వంటింటి పీట మీద కూర్చుంది. చీకటి పడుతుండగా ఫోన్ మోగింది.

కొడవలూరు దాటామని చెప్పాడు. గాలి బాగుందన్నాడు. సుబ్బరత్నమ్మ ఒక గుడి దగ్గర పులిహోర సంపాయించిందని, అందరూ తిన్నామని చెప్పాడు. అతని వెనక ఎవరో ఏదో అన్నారు, జరీనా గట్టిగా నవ్వింది.

"కాలు ఎట్టుండాది?" అన్నాడు.

"పర్లేదు. నొప్పి లేదు."

"తిన్నావా?"

తిన్నానంది. తినలేదు. అతను నడుస్తూనే మాట్లాడుతున్నాడు, అడుగుల చప్పుడు ఫోన్లో తెలుస్తోంది. నాలుగు జతల అడుగులు ఒకే వేగంతో పడుతున్నాయి.

"సరే వకుళా. ఉంటా మరి," అని పెట్టేశాడు.

పెళ్లయినప్పటి నుంచీ అతను ఫోన్ పెట్టేసే ముందు అనే మాటే అది. అందరూ అనేదే. వకుళ చల్లారిపోయిన నీళ్లలో పాదాలు అలాగే ఉంచి, ఫోన్ ఇంకా చెవి దగ్గరే పట్టుకుని, అవతల ఎవరూ లేరని తెలిసి కూడా, "ఉండండి" అంది.